ముందు చక్రాల కింద గట్టు

కారులో కూర్చుని సినిమా చూడాలంటే ముందు వరస కారు టాపు కళ్లకు అడ్డం పడుతుంది. తెర, ప్రొజెక్టరు, కారు, ఖాళీ స్థలం అన్నీ అప్పటికే ఉన్నవే. ఆ టాపు అడ్డం రాకుండా చేయడమే డ్రైవ్ ఇన్ థియేటర్ కనిపెట్టడమంటే.

ఆ పని చేసిన మనిషి రిచర్డ్ హాలింగ్స్‌హెడ్. 1900లో పుట్టాడు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో రివర్టన్ అనే చిన్న ఊళ్లో కాపురం. పక్కనే కామ్డెన్‌లో వాళ్ల నాన్నకు కార్ల సరుకుల కంపెనీ ఉండేది, అందులోనే ఇతనికీ ఉద్యోగం. వాళ్లమ్మ భారీ మనిషని, థియేటర్ కుర్చీలో ఇరుక్కుని కూర్చోలేక అవస్థపడేదని, ఆమె కోసమే ఈ ఆలోచన చేశాడని ఒక కథ చెబుతారు. ఆర్థిక మాంద్యం రోజులవి. ఎంత కరువొచ్చినా జనం కారునూ సినిమానూ వదులుకోరని లెక్క వేశాడని ఇంకో కథ. రెండూ నిజమే కావచ్చు.

పెరట్లో చెట్లకు తెర కట్టాడు. ఇంట్లో ఉన్న కొడాక్ ప్రొజెక్టరును కారు బానెట్ మీద పెట్టాడు. తెర వెనక రేడియో పెట్టి, కారు అద్దాలు దించి ఒకసారి, ఎత్తి ఒకసారి విన్నాడు. వాన పడితే బొమ్మ ఎలా కనిపిస్తుందో చూడాలి కదా, గడ్డికి నీళ్లు చల్లే స్ప్రింక్లరును కారు మీదికి తిప్పాడు. ఇవన్నీ ఓపిక ఉన్నవాళ్లెవరైనా చేయగలిగేవే. అసలు సంగతి ఆ తర్వాతిది. ఒక కారు వెనక ఇంకో కారు నిలబెట్టి, వెనక కారు ముందు చక్రాల కింద దిమ్మెలు పెట్టి చూశాడు. ఎంత ఎత్తు లేపితే ముందు కారు టాపు మీదుగా తెర కనిపిస్తుంది, వరసకూ వరసకూ మధ్య ఎంత ఎడం ఉండాలి అని కొలుచుకున్నాడు. ఆ దిమ్మెలే తర్వాత మట్టి గట్లయ్యాయి.

తెరకు ఎదురుగా విసనకర్ర ఆకారంలో వంపు తిరిగిన వరసలు. వరసకో గట్టు. ముందు చక్రాలు గట్టెక్కితే కారు ముక్కు లేస్తుంది, లోపలున్నవాళ్ల చూపు తెర మీదికి పోతుంది. ఎవరినీ కదిలించకుండా రావచ్చు, పోవచ్చు. ఈ ఏర్పాటుకు 1932 ఆగస్టులో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1933 మే 16న పేటెంటు చేతికొచ్చింది. సరిగ్గా మూడు వారాలకు, జూన్ 6న, కామ్డెన్ పొలిమేరలో దాదాపు 400 కార్లు పట్టే థియేటర్ తెరిచాడు. కారుకు 25 సెంట్లు, మనిషికి 25 సెంట్లు. ఇంటిల్లిపాదీ వచ్చినా డాలరు దాటదు.

చూపు సంగతి తేలింది కానీ మాట సంగతి తేలలేదు. తెర దగ్గర పెద్ద స్పీకర్లు పెట్టారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. అంచేత వంద మీటర్ల దూరాన ఉన్నవాళ్లకు పెదవులు కదిలాక రెప్పపాటు ఆలస్యంగా మాట వినపడుతుంది. ముందున్నవాళ్లకు చెవులు చిల్లులు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు నిద్ర కరువు. కారు కిటికీకి తగిలించుకునే చిన్న స్పీకరు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక గానీ ఊరూరా రాలేదు.

హాలింగ్స్‌హెడ్ తన మొదటి థియేటర్‌ను ఎంతో కాలం నడపలేకపోయాడు. అతని పద్ధతిని మాత్రం ఎక్కడివాళ్లక్కడ అందుకున్నారు. రాయల్టీ కోసం దావాలు నడిచాయి. 1949లో అప్పీలు కోర్టు ఆ పేటెంటు చెల్లదని తేల్చింది. ప్రేక్షకులను వంపు వరసల్లో, ఏటవాలుగా కూర్చోబెట్టడం నాటకశాలల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, కుర్చీ బదులు కారు వచ్చిందంతే అన్నది వాదన. సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. మన టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్టువాళ్లు ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చుని, ముందువాళ్ల తలల మీదుగా తెర చూసిన రోజులు తలుచుకుంటే కోర్టు మాటలో న్యాయం కనిపిస్తుంది. అయినా నా మనసు హాలింగ్స్‌హెడ్ వైపే మొగ్గుతుంది. ఒక కుప్ప ఎవరైనా పోసుకుంటారు. నాలుగు వందల కార్లకు ఒకేసారి చూపు కుదిర్చే గట్లు వేయడానికి కొలత తెలియాలి.

అందరి సొత్తయ్యాక డ్రైవ్ ఇన్ చిన్న ఊళ్ల వినోదమైంది. ఊరి చివర పొలం చవక, తెరకో గోడ, గట్లకు మట్టి, ఒక తినుబండారాల కొట్టు చాలు. 1958 నాటికి అమెరికాలో నాలుగు వేలకు పైగా డ్రైవ్ ఇన్‌లున్నాయి. తెర కింద ఉయ్యాలలు ఉండేవి. పిల్లలు రాత్రి పడుకునే బట్టలతోనే వచ్చి, చీకటి పడేదాకా ఆడుకుని, రెండో సినిమా సగంలో వెనక సీట్లో నిద్రపోయేవాళ్లు. ఆ తరం ఈనాటికీ చెప్పుకునేది సినిమా పేరు కాదు, ఆ నిద్ర గురించి. కిటికీకి స్పీకరు ఉందన్న సంగతి మరిచి కారు కదిలిస్తే వైరు పుటుక్కున తెగేది.

తర్వాత దెబ్బ మీద దెబ్బ తగిలింది. 1966 చట్టంతో వేసవిలో గడియారాలు దాదాపు దేశమంతటా గంట ముందుకు జరిగాయి. చీకటి పడేసరికి తొమ్మిది దాటుతుంది, పిల్లలకు మర్నాడు బడి, పెద్దలకు పని. ఇళ్లలోకి కలర్ టీవీ వచ్చింది, తర్వాత వీడియో క్యాసెట్టు వచ్చింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ భూమి ధర. ఊరు పెరిగి థియేటర్ దాకా వచ్చేసరికి, ఏడాదిలో కొన్ని నెలలు, అదీ రాత్రిళ్లు మాత్రమే పనిచేసే పది పదిహేను ఎకరాలను దుకాణాల సముదాయానికి అమ్ముకోవడమే లాభమైంది. ఇప్పుడు దేశమంతా కలిపి సుమారు మూడు వందలే మిగిలాయి.

ఎవరూ కొననిచోట తెర కూలిపోయింది, గట్లు మాత్రం ఉండిపోయాయి. అక్కడి పాత ఊళ్ల శివార్లను ఉపగ్రహ చిత్రంలో చూడండి. గడ్డి మొలిచిన ఖాళీ స్థలంలో, చెరువులో రాయి పడ్డప్పటి అలల్లా, ఒకే దిక్కుకు తిరిగిన వంపు గీతలు కనిపిస్తాయి.

డ్రైవ్ ఇన్ పుట్టిన న్యూజెర్సీలో 1991లో ఆఖరిది కూడా మూతపడింది. పదమూడేళ్లు ఆ రాష్ట్రంలో ఒక్కటీ లేదు. 2004లో వైన్‌ల్యాండ్ ఊళ్లో మూతపడిన ఒక పాత థియేటర్‌ను మళ్లీ తెరిచారు. న్యూజెర్సీలో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మీవాళ్లెవరైనా అక్కడుంటే ఈ కథ చెప్పండి, ఒక వేసవి రాత్రి పిల్లలను వెంటబెట్టుకుని వైన్‌ల్యాండ్ వెళ్లి రమ్మనండి.