శాసనసభ దినచర్య – విశాఖ ఉక్కుపై 2021 మే 20 నాటి తీర్మానం

ఆంధ్రప్రదేశ్ శాసనసభ బడ్జెట్ సమావేశం 2021 మే 20వ తేదీ గురువారం నాడు వెలగపూడిలోని శాసనసభా ప్రాంగణంలో జరిగింది. ఆ ఏడాది బడ్జెట్ సమావేశానికి కేటాయించినది ఆ ఒక్క దినమే. గవర్నర్ ప్రసంగం, ధన్యవాద తీర్మానం, వార్షిక బడ్జెట్, వ్యవసాయ బడ్జెట్, ద్రవ్య వినిమయ బిల్లు మొదలైన ఏటా వచ్చే అంశాలన్నీ అదే దినపు కార్యక్రమంలో చేరినవి. వాటితో పాటు, విశాఖపట్నం ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేసే ప్రతిపాదనను ఉపసంహరించుకోవలసిందిగా కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతూ ఒక ప్రభుత్వ తీర్మానాన్ని కూడా సభ ఆమోదించింది. ఈ తీర్మానం ఏ విధంగా సభ ముందుకు వచ్చినది, దానికి గల బలమెంత, విశాఖ ఉక్కు విషయంలో శాసనసభ అంతకు పూర్వం చేసినదేమి అన్న వివరాలు ఈ వ్యాసంలో పొందుపరచబడినవి.

సమావేశం ఒక్క దినానికి పరిమితం కావడానికి కారణం కోవిడ్ రెండవ విడత ఉధృతి. అయినను సమావేశాన్ని మరికొంత కాలం వాయిదా వేయుటకు అవకాశం లేకపోయింది. రాజ్యాంగం 174వ అధికరణం ప్రకారం ఒక సమావేశపు చివరి దినానికి, తదుపరి సమావేశపు మొదటి దినానికి నడుమ ఆరు మాసాల కాలం మించరాదు. శాసనసభ శీతాకాల సమావేశాలు 2020 డిసెంబరు 4వ తేదీన ముగిసినందున, జూన్ మాసారంభంలోగా సభ తిరిగి కూడక తప్పదు. దీనికి తోడు, మార్చిలో బడ్జెట్ ఆమోదం పొందనందున ఏప్రిల్ నుండి జూన్ వరకు మూడు మాసాల ఖర్చులకు ఆర్డినెన్సు ద్వారా ఓటాన్ అకౌంట్ ఏర్పాటు జరిగింది. ఆ గడువు ముగియక ముందే సభ ఆమోదం తీసుకొనవలసి ఉన్నది. సభ ఆమోదించనిదే సంచిత నిధి నుండి రూపాయి కూడా తీయరాదన్నది శాసనవ్యవస్థ చేతిలోని అసలైన అధికారం. ఆర్డినెన్సు ఆ అధికారానికి తాత్కాలిక ప్రత్యామ్నాయం మాత్రమే.

సాధారణ దినాలలో సభ ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నలకు మంత్రులు సభలో మౌఖికంగా సమాధానమిస్తారు, వాటిపై సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. గుర్తు లేని ప్రశ్నలకు వ్రాతపూర్వక సమాధానాలను సభా సమక్షంలో ఉంచుతారు. ఆ పిమ్మట జీరో అవర్‌లో సభ్యులు తమ నియోజకవర్గాల తక్షణ సమస్యలను ప్రస్తావిస్తారు. తదుపరి నివేదికల సమర్పణ, బిల్లుల ప్రవేశం, వాటిపై చర్చ, పద్దులపై ఓటింగు మొదలైనవి వరుసగా నడుస్తాయి. ఏ అంశానికి ఎంత సమయమన్నది స్పీకర్ అధ్యక్షతన గల సభా వ్యవహారాల సలహా సంఘం నిర్ణయిస్తుంది. సభ్యుల సంఖ్య 175 గనుక సభ సాగుటకు కనీసం 18 మంది హాజరు కావలెను. సభా కార్యక్రమాలలో సామాన్య ప్రజలకు ఎక్కువగా ఉపయోగపడేది ప్రశ్నోత్తరాల సమయమే. ఒక రహదారి ఎందుకు ఆగినది, ఒక గ్రామానికి మంచినీరు ఎప్పుడు వచ్చును అన్న విషయాలకు ప్రభుత్వం చేత జవాబు చెప్పించే సాధనం అది.

మే 20వ తేదీన ఈ క్రమానికి వెసులుబాటు లేదు. ఉదయం గవర్నర్ శ్రీ బిశ్వభూషణ్ హరిచందన్ రాజ్‌భవన్ నుండి వీడియో ద్వారా ఉభయ సభలనుద్దేశించి ప్రసంగించారు. అనంతరం ఆర్థిక మంత్రి శ్రీ బుగ్గన రాజేంద్రనాథ్ 2,29,779.27 కోట్ల రూపాయల వార్షిక బడ్జెట్‌ను, వ్యవసాయ మంత్రి శ్రీ కురసాల కన్నబాబు వ్యవసాయ బడ్జెట్‌ను ప్రవేశపెట్టారు. మహిళలకు, పిల్లలకు ఉద్దేశించిన కేటాయింపులను విడి పత్రాలుగా చూపడం కూడా ఆ సంవత్సరమే మొదలైంది. మామూలుగా బడ్జెట్ ప్రవేశపెట్టిన పిదప సాధారణ చర్చకు కొన్ని దినాలు, శాఖలవారీ పద్దులకు మరికొన్ని దినాలు పట్టును. ఈ దఫా ఆ దశలన్నీ గంటలలో ముగిసి, ద్రవ్య వినిమయ బిల్లు అదే దినం ఆమోదం పొందింది. రెండు లక్షల కోట్లు దాటిన వ్యయం శాఖలవారీగా పరిశీలనకు నోచుకొనకుండానే గడచినదన్నది గమనార్హం. ప్రధాన ప్రతిపక్షమైన తెలుగుదేశం పార్టీ ఈ సమావేశాన్ని బహిష్కరించింది.

ఉక్కు కర్మాగారంపై తీర్మానాన్ని పరిశ్రమల శాఖ మంత్రి శ్రీ మేకపాటి గౌతమ్‌రెడ్డి సభలో ప్రతిపాదించారు. కర్మాగారాన్ని నడుపుతున్న రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్‌లో కేంద్ర ప్రభుత్వానికి గల నూటికి నూరు శాతం వాటాను, యాజమాన్య నియంత్రణతో సహా విక్రయించుటకు కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా సమ్మతించిన విషయం విదితమే. ఈ నిర్ణయం ఫిబ్రవరి మొదటి వారంలో వెల్లడి కాగా, ముఖ్యమంత్రి శ్రీ వై.యస్. జగన్మోహన్‌రెడ్డి ప్రధానమంత్రికి లేఖ వ్రాసి ప్రత్యామ్నాయాలను సూచించారు. కర్మాగారానికి సొంత ఇనుప ఖనిజ గనులు కేటాయించడం, అధిక వడ్డీ రుణాల భారం తగ్గించడం, అప్పులను వాటాలుగా మార్చడం వాటిలో ముఖ్యమైనవి. తీర్మాన సందర్భంలో ఈ సూచనలే సభలో మరల ప్రస్తావనకు వచ్చినవి.

గనుల ప్రస్తావన వెనుక గల సంగతి కొంత వివరించదగినది. విశాఖ కర్మాగారం సముద్రతీరాన నిర్మితమైన దేశపు తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం. కోకింగ్ బొగ్గు ఓడలలో విదేశాల నుండి వచ్చును. ఇనుప ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుండి కిరండూల్–కొత్తవలస రైలు మార్గం మీదుగా దిగును. కొన్ని ఉక్కు సంస్థలకు సొంత గనులుండగా, విశాఖ మాత్రం ఖనిజాన్ని అమ్మకపు ధరకు కొనవలసి వచ్చినది. ఖనిజం ధర పెరిగిన ప్రతిసారి ఆ భారం నేరుగా కర్మాగారపు లెక్కలలో కనబడును. నష్టాలకు నిర్వహణను మాత్రమే తప్పుపట్టరాదని కార్మిక సంఘాలు వాదించుటకు ఆధారమిదే.

తీర్మానం వచ్చిన సమయం కూడా గుర్తుంచుకోదగినది. దేశమంతటా ఆసుపత్రులలో ప్రాణవాయువు కొరత తీవ్రంగా ఉన్న దినాలవి. ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లతో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ 2021 ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుండే మహారాష్ట్రకు బయలుదేరింది. ఫిబ్రవరి 12 నుండి కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహార దీక్షలు సాగిస్తున్న కార్మికుల సహచరులే లోపల ఆ ట్యాంకర్లను నింపారు.

శాసనసభ తీర్మానాలన్నిటికీ ఒకే బలం ఉండదు. కొన్నింటికి రాజ్యాంగమే స్థానం కల్పించినది. శాసనమండలి రద్దుకు లేదా ఏర్పాటుకు 169వ అధికరణం కింద చేసే తీర్మానం ఆ కోవకు చెందును. అటువంటి తీర్మానమైనను పార్లమెంటు చట్టం చేసిన మీదటనే అమలులోకి వచ్చును. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2020 జనవరి 27న మండలి రద్దు కోరుతూ తీర్మానించి, పార్లమెంటులో ఆ విషయం ముందుకు సాగక మునుపే 2021 నవంబరు 23న దానిని ఉపసంహరించుకున్నది. రెండవ తరగతికి చెందినవి సభ అభిప్రాయాన్ని తెలిపే తీర్మానాలు. మంత్రి ప్రతిపాదించినది ప్రభుత్వ తీర్మానం, ఇతర సభ్యుడు ప్రతిపాదించినది అనధికార తీర్మానం. స్పీకర్ సభ అభిప్రాయమడిగినప్పుడు అనుకూలురు, ప్రతికూలురు గొంతెత్తి పలికే మూజువాణి ఓటుతోనే ఇవి ఎక్కువగా ఆమోదం పొందును.

విశాఖ ఉక్కు తీర్మానం రెండవ తరగతికి చెందినది. కేంద్ర సంస్థ వాటాల అమ్మకంపై నిర్ణయాధికారం వాటి యజమానియైన కేంద్రానిదే. రాష్ట్ర శాసనసభ దానిని చట్టం ద్వారా అడ్డుకొనజాలదు. స్పీకర్ శ్రీ తమ్మినేని సీతారామ్ అధ్యక్షతన సభ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. అయితే ఏకగ్రీవమన్న మాటను ఆనాటి హాజరుతో కలిపి చదువుకొనవలెను. ప్రైవేటీకరణను వ్యతిరేకించిన ప్రతిపక్షం కూడా ఆ దినం సభలో లేదు.

ఇదే నగరం, ఇదే కర్మాగారం విషయమై శాసనసభ అర్ధ శతాబ్దికి పూర్వమొకసారి తీర్మానించి ఉన్నది. ఐదవ ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైనదని 1965లో ఆంగ్లో–అమెరికన్ నిపుణుల బృందం నివేదించగా, కేంద్రం నిర్ణయం ఆలస్యమైనది. 1966 జూలై 1న హైదరాబాదులో ముఖ్యమంత్రి శ్రీ కాసు బ్రహ్మానందరెడ్డి ప్రతిపాదించిన తీర్మానాన్ని సభ ఏకగ్రీవంగా ఆమోదించి, కర్మాగారాన్ని విశాఖలోనే నెలకొల్పవలసిందిగా కోరినది. కేంద్రం నుండి స్పష్టమైన హామీ రాలేదు. అక్టోబరు 15న శ్రీ టి. అమృతరావు విశాఖపట్నంలో ఆమరణ నిరాహార దీక్షకు కూర్చున్నారు. శ్రీ తెన్నేటి విశ్వనాథం నాయకత్వాన సాగిన ఉద్యమం ఆంధ్ర, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాలన్నిటికీ వ్యాపించినది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం ఆనాటిదే. నవంబరు 1న, రాష్ట్రావతరణ దినాన, విశాఖపట్నంలో పోలీసు కాల్పులు జరిగినవి. ఉద్యమ కాలంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయారు. పలువురు ప్రతిపక్ష శాసనసభ్యులు తమ సభ్యత్వాలకు రాజీనామా చేశారు. తీర్మానం చేసిన సభ నుండే కొందరు వెలుపలికి రావలసి వచ్చినదంటే, ఆ తీర్మానపు పరిమితి ఆనాడే తేటతెల్లమైనదనుకొనవచ్చును.

ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో కర్మాగారం ఏర్పాటును ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. నిర్వహణ సంస్థ 1982లో ఏర్పడినది. ప్రధానమంత్రి శ్రీ పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేశారు. శాసనసభ తీర్మానం నుండి ఆ దినం వరకు ఇరువది ఆరు సంవత్సరాలు గడచినవి. కర్మాగారానికి భూములిచ్చిన గ్రామాల కుటుంబాలకు నిర్వాసితులుగా ఇచ్చిన పత్రాన్ని ‘ఆర్ కార్డు’ అని వ్యవహరిస్తారు. ఉద్యోగాల కొరకు వేచి ఉన్న ఆర్ కార్డుదారులకు వాటాల విక్రయమంటే, ఆ హామీని ఇకపై ఎవరినడగవలెనన్న ప్రశ్న.

రాజీనామా విషయం 2021లోను తలెత్తినది. విశాఖపట్నం ఉత్తర నియోజకవర్గ సభ్యుడు శ్రీ గంటా శ్రీనివాసరావు ప్రైవేటీకరణకు నిరసనగా ఫిబ్రవరిలో రాజీనామా సమర్పించారు. 190వ అధికరణం ప్రకారం రాజీనామా స్వచ్ఛందమైనది, నిజమైనది అని స్పీకర్ సంతృప్తి చెందవలెను గాని, ఎన్ని దినాలలో నిర్ణయించవలెనన్నది అందులో లేదు. ఆ రాజీనామా 2024 జనవరిలో ఆమోదం పొందినది. అప్పటికి సాధారణ ఎన్నికలు కొద్ది మాసాల దూరంలో ఉన్నవి.

రాష్ట్రం చేతిలో గలదేమి, లేనిదేమి అన్నది విశాఖ తీరంలోనే కనబడును. 1933లో ప్రారంభమైన విశాఖపట్నం నౌకాశ్రయం ప్రధాన నౌకాశ్రయం గనుక కేంద్ర జాబితాలోనిది. దానికి దక్షిణాన, ఉక్కు కర్మాగారం పక్కనే ఉన్న గంగవరం నౌకాశ్రయం ప్రధాన నౌకాశ్రయం కానందున రాష్ట్ర ప్రభుత్వ అజమాయిషీలో ఏర్పడినది. అందులో రాష్ట్రానికి గల 10.4 శాతం వాటాను 644.78 కోట్ల రూపాయలకు అదానీ పోర్ట్స్ సంస్థకు విక్రయించే నిర్ణయం కూడా 2021లోనే జరిగింది. కేంద్రం వాటా విషయంలో సభ తీర్మానించగలిగినది విన్నపం మాత్రమే, రాష్ట్రపు వాటా విషయంలో నిర్ణయం ప్రభుత్వానిదే. ఈ రెండింటిని పక్కపక్కన చదివిన పాఠకునికి అధికార విభజన సూత్రం పుస్తకం కంటె త్వరగా బోధపడును.

తీర్మానం అనంతరం కూడా కేంద్రం తన వైఖరిని మార్చుకొనలేదు. నిర్ణయాన్ని పునఃపరిశీలించే ప్రతిపాదన లేదని 2021 జూలైలో పార్లమెంటుకు తెలియజేసినది. కూర్మన్నపాలెంలో దీక్షలు సంవత్సరాల తరబడి సాగినవి. కర్మాగారపు ఆర్థిక పరిస్థితి క్షీణించి, 2024లో కొలుములు కొన్ని ఆగి, జీతాల చెల్లింపులు ఆలస్యమైన దశకు చేరినది. 2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించినది. అందులో 10,300 కోట్లు వాటాధనంగా సమకూర్చుట, 1,140 కోట్ల నిర్వహణ మూలధన రుణాన్ని ప్రాధాన్య వాటాలుగా మార్చుట చేరి ఉన్నవి. అప్పును వాటాగా మార్చుట 2021 లేఖలోని సూచనలలో ఒకటి. సొంత గనుల కేటాయింపు మాత్రం ఈ ప్యాకేజీలో చేరలేదు.