సీసం పలకల న్యాయం

తాండూరు మార్కెట్ యార్డులో కాంటా వేసే దడవాయిగా బతుకు వెళ్లదీసినవాణ్ని. కందుల బస్తా కాంటా ఎక్కితే రైతు చూపు ముల్లు మీద, వ్యాపారి చూపు తరుగు మీద. అందుకేనేమో హైదరాబాద్‌లో మలక్‌పేట రేసులకు పోయినా నాకు గుర్రాలకన్నా జాకీలను తూచే కాంటాయే ముచ్చటగా ఉండేది.

గుర్రాలు మా దిక్కుకు కొత్తవి కావు. మా జిల్లా వికారాబాద్‌కు ఆ పేరు వికార్-ఉల్-ఉమ్రా వల్ల వచ్చింది. 1893 నుంచి 1901 దాకా నిజాంకు ప్రధానమంత్రి, ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన పాయిగా నవాబు. నిజాం కోసం గుర్రపు దళాలను పోషించాలనే పాయిగాలకు జాగీర్లు ఇచ్చారు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఆ దాణా ఖర్చు జాగీరు రైతు కట్టిన శిస్తులోంచే పోయింది. ఆ రోజుల్లో సవారు, జీను, కత్తి, దాణా సంచి అన్నీ కలిస్తే క్వింటాలుకు అటూ ఇటూ ఉండేది. యుద్ధంలో ఎవరు తూస్తారు?

తూకం పందేలతో వచ్చింది. మౌలాలీలో జరిగే రేసులను నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మలక్‌పేటకు మార్పించాడు. హ్యాండిక్యాప్ రేసు పద్ధతి మా యార్డుకు పూర్తిగా తలకిందులు. మా దగ్గర మంచి సరుకుకు ధర ఎక్కువ, అక్కడ మంచి గుర్రానికి బరువు ఎక్కువ. గెలిచినకొద్దీ మోత పెరుగుతుంది. జాకీ తేలికైతే జీను కింది గుడ్డ జేబుల్లో సీసం పలకలు దోపుతారు. పందెం కాగానే చెమటతో తడిసిన జీను చేతబట్టుకుని జాకీ మళ్లీ కాంటా ఎక్కాలి. తక్కువ తూగితే గెలుపు పోయినట్టే. ఆ ఒక్క నిమిషం జాకీ మొహం చూడాలి, అచ్చం అప్పుల్లో ఉన్న రైతు మొహమే.

ఇంగ్లండులో 18వ శతాబ్దంలో ఇంకో లెక్క ఉండేది. గుర్రాల ఎత్తు కొలిచే లెక్కలో 14 చేతులున్న గుర్రానికి 9 స్టోన్లు, అంటే 57 కిలోలు. ఎత్తు అంగుళం పెరిగితే 7 పౌండ్లు ఎక్కువ, తగ్గితే అంత తక్కువ. నాకు ఇదే నచ్చింది. గుర్రం ఒళ్లు చూసి మోత పెట్టారు.

దూరపు స్వారీ పందేలకు వచ్చేసరికి చూపు మళ్లీ మనిషి మీదికే పోయింది. కాలిఫోర్నియాలో 1955లో మొదలైన టెవిస్ కప్‌లో 24 గంటల్లో 100 మైళ్లు పోవాలి. అమెరికాలో ఇలాంటి స్వారీలు నడిపే సంఘం రౌతులను జీనుతో సహా తూచి నాలుగు తరగతులు చేసింది: 160 పౌండ్ల లోపువాళ్లు ఒక కొస, 211, ఆపైన ఉన్నవాళ్లు ఇంకో కొస. అంతర్జాతీయ పెద్ద పోటీల్లోనేమో జీనుతో కలిపి 75 కిలోలకు తగ్గకూడదు. బక్కపల్చని అమ్మాయి చిన్న అరబ్బీ గుర్రమెక్కితే, న్యాయం పేరుతో దాని వీపు మీద సీసం వేస్తారు. పైన మాత్రం హద్దు లేదు. రౌతుకూ రౌతుకూ మధ్య తగువు తీరింది గానీ, మోసేదాన్ని ఎవరూ అడగలేదు.

ఆ అమెరికా పందేల్లోనే ఇంకో బహుమతి ఉంది. ముందుగా చేరిన పది గుర్రాల్లో ఏది ఒంట్లో బాగుందో పశువుల డాక్టరు చూస్తాడు. పట్టిన సమయంతో పాటు మోసిన బరువుకూ మార్కులుంటాయి. నేను పందెం కాస్తే దాని మీదే కాస్తాను.