ఖాతాలో రాయని పద్దు: పాన్‌గల్ వంటిళ్లలో ధరల చరిత్ర

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) రాసేటప్పుడు రాజుల వంశవృక్షాలను పక్కనపెట్టారు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లో వెతికారు. ఇవాళ్టి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు ఆయన సొంతూరు. సాహిత్యం చదువుకుని చరిత్ర వైపు వచ్చిన నాలాంటివాళ్లకి ఆ పుస్తకం పెద్ద ధైర్యం. అయితే ఆయన వెతికిన చోట దొరికేవి వంటకాలే. 'ఆముక్తమాల్యద'లో వానాకాలం అతిథికి ఏం వడ్డించారో, ఎండాకాలం ఏం వడ్డించారో వివరంగా ఉంటుంది. దినుసు దొరకని పూట, దొరికినా కొనలేని పూట, పొయ్యి ముందున్న మనిషి ఏం చేసిందన్నది కావ్యానికి అక్కర్లేని విషయం. ప్రభుత్వ దస్తావేజుల్లోనేమో ధర ఉంటుంది, వంటిల్లు ఉండదు. రెంటి మధ్య జారిపోయిన ఆ మనిషి కోసం నేను పాన్‌గల్ చుట్టుపక్కల వెతుకుతున్నాను.

పాన్‌గల్ పేరు చరిత్ర పుస్తకాల్లోకి వచ్చింది కోట వల్ల. 1417 ప్రాంతంలో ఫిరోజ్ షా బహమనీ పానగల్ కోటను ముట్టడించి రెండేళ్లు అక్కడే విడిది చేశాడనీ, సైన్యంలో రోగాలు ప్రబలాయనీ, చివరికి విజయనగర రాజు ఒకటో దేవరాయల చేతిలో ఓడిపోయాడనీ చదువుకున్నాం. (ఆ పానగల్లు ఇదా, నల్గొండ దగ్గరిదా అన్న వాదం వేరే ఉంది.) ఎక్కడిదైనా కానివ్వండి, రెండేళ్లపాటు ఒక సైన్యం తిన్న గింజలు ఎవరి గుమ్ముల్లోంచి వచ్చి ఉంటాయి? ఆ రెండేళ్లు చుట్టూ ఊళ్లలో అంబలి ఎంత పలచబడి ఉంటుంది? విజేతలకూ పరాజితులకూ మాత్రమే పేర్లున్న కథనంలో ఈ ప్రశ్నకు చోటు లేదు.

మా అమ్మమ్మది పాన్‌గల్ పక్క ఊరే. 'ధరలు పెరిగినయి' అనే మాట ఆమె నోట నేను చాలా అరుదుగా విన్నాను. ఆమెకు తెలిసిన మాట కొలత. "గింజలు పోసేటోళ్లు కూలికి. శేరు మీద కుప్ప నిలిచేటట్టు పోస్తే ఒక లెక్క, చేత్తోని గీకి పోస్తే ఇంకో లెక్క" అనేది. కలుపుకు పోయిన ఆడవాళ్లకు జొన్నలు కొలిచే పద్ధతి గురించి ఆ మాట. మగవాళ్ల కూలి కంటే ఆడవాళ్ల కొలత తక్కువ అన్నది ఆమె ప్రత్యేకంగా చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయంగా ఆమెకు అనిపించలేదు.

కూలి గింజల్లో వచ్చే రోజుల్లో జొన్నల ధర పెరిగినా కుండలోని గటక తగ్గదు. ఉప్పు, మిరపకాయ, గ్యాస్‌నూనె మాత్రమే దుకాణం నుంచి రావాలి. వాటికి కూడా డబ్బు ఉండేది కాదు. కొంగున కట్టిన జొన్నలే పోసి తెచ్చుకునేవాళ్లు. జొన్నకు ఎంత ఉప్పు వస్తుందో దుకాణదారుడే తేల్చేవాడు. అంటే అమ్మకం ధర, కొనుగోలు ధర రెండూ అవతలి మనిషి చేతిలోనే. దీన్ని సంపన్నమైన గతంగా చెప్పడం నా ఉద్దేశం కాదు. గింజ కూలి వెనక వెట్టి ఉంది, కులం ఉంది, దొర గడి ఉంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కిరాణా సామాను జాబితా ఇంత పొడుగ్గా మొదటినుంచీ లేదు. ఒక్కొక్క దినుసు చేనులోంచి, గట్టులోంచి, గుమ్మిలోంచి తప్పుకుని దుకాణంలోకి చేరింది. అది చేరిన ప్రతిసారీ ఇంట్లో ఒక మనిషి పని మారింది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిజాం సర్కారు లెవీ పేరుతో గింజలు వసూలు చేసినప్పుడు ఈ సంగతి రాజకీయమైంది. పెద్ద భూస్వాములు తప్పించుకోగా బరువు చిన్న రైతుల మీద పడింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కకుండా తన పంటను ఇంటికి చేర్చుకున్న ఘట్టాన్ని మనం భూమి పోరాటంగా చదువుతాం. గింజ గుమ్మికి చేరితే ఏడాది తిండి, చేరకపోతే ఏడాది అప్పు. అలా చూస్తే అది వంటింటి పోరాటం కూడా. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆడవాళ్ల నోటినుంచే ఆ కాలాన్ని వినిపించింది కాబట్టే మనకిలా చదవడం అలవాటైంది.

1972లో బొంబాయిలో మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ వంటివాళ్ల నాయకత్వంలో వేలాది గృహిణులు కంచాలు, అప్పడాల కర్రలు పట్టుకుని ధరల పెరుగుదలకు వ్యతిరేకంగా వీధిలోకి వచ్చారు. స్త్రీల ఉద్యమ చరిత్రలో దానికి మంచి స్థానమే ఉంది. అదే కరువు సంవత్సరంలో పాలమూరులో ఏ కంచమూ మోగలేదేం అని ఒక సెమినార్‌లో నన్నెవరో అడిగారు. ఇక్కడి ఆడవాళ్లు కంచాలు మూటగట్టుకుని రైలెక్కారు. ప్రాజెక్టులు, కాలువలు, రోడ్లు ఎక్కడ తవ్వితే అక్కడికి పోయిన 'పాలమూరు లేబర్'లో ఆలుమగలిద్దరూ ఉంటారు. గుంపు మేస్త్రి ఊళ్లోనే అడ్వాన్సు ఇస్తాడు, పనిచోట తిండి ఖర్చుకు వారం వారం ఇంత ఇస్తాడు, చివర్లో అదంతా కూలిలోంచి కోసుకుంటాడు. దగ్గర్లో ఉన్న ఒకటే దుకాణంలో ఎంత చెబితే అంత. తెల్లారుజామున మూడు రాళ్ల మీద వండి, పగలంతా తట్ట మోసి, మళ్లీ రాత్రి వండే మనిషికి ధరల మీద ఊరేగింపు తీసే తీరిక ఎక్కడిది? ధర పెరిగినప్పుడు ఆమె ఇచ్చిన జవాబు ఇంకో ఆరు నెలల చాకిరీ. దీన్ని మౌనం అనుకున్నవాళ్లు వలసను చదవడం నేర్చుకోవాలి.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఈ పథకం గురించి మన మేధావులు రెండు రకాలుగా మాట్లాడుతుంటారు. పేదల కడుపు నింపిందని ఒకరు, జొన్నను చంపి బియ్యపు బానిసల్ని చేసిందని ఇంకొకరు. రెండో మాట అనేవాళ్లలో విసుర్రాయి ముందు కూర్చున్నవాళ్లు తక్కువ. జొన్నలు విసరాలి, కొర్రలు, సామలు దంచాలి, చెరగాలి, రొట్టె ఒక్కొక్కటిగా చేత్తో తట్టాలి. బియ్యం కడిగి ఎసట్లో పోస్తే అయిపోతుంది. రేషన్ బియ్యం పాలమూరు ఆడవాళ్లకు డబ్బు ఎంత మిగిల్చిందో, నిద్ర కూడా అంత మిగిల్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రల ప్యాకెట్టు సూపర్‌మార్కెట్ అరల్లో సన్నబియ్యం కంటే ఖరీదైన వస్తువుగా కూర్చుంది. కూలివాళ్ల తిండి ఉన్నవాళ్ల ఆరోగ్యమైంది. దంచే పని మిషన్లకు పోయినందుకు నాకు సంతోషమే, తిన్నవాళ్లకు అది అందకుండా పోయినందుకే బాధ.

ఆ రెండు రూపాయల బియ్యంతో పాటు అదే దశాబ్దంలో అదే ప్రభుత్వం వారుణివాహిని పేరుతో సారా ప్యాకెట్లను ఊరూరికీ చేర్చింది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కోవడం అంటే ఇదే. వంటింటి ఖర్చు బజారు ధరతోనే తేలదు. కూలి డబ్బు ఎవరి చేతిలో పడుతుంది, ఇంటికొచ్చే దారిలో ఏ దుకాణం ముందుగా తగులుతుంది అన్నదాన్నిబట్టి కూడా తేలుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని మనం ఎక్కువగా మగవాళ్ల హింసకు జవాబుగా చెప్పుకున్నాం. అది నిజమే. ఐతే సంచిలోకి రావాల్సిన పప్పు, నూనె గ్లాసులోకి పోకుండా ఆపిన ఉద్యమం కూడా అదే. ధరల గురించి తెలుగు ఆడవాళ్లు చేసిన అతి పెద్ద పోరాటం అదేనని నేను అంటాను, ఆ పేరుతో అది ఎక్కడా నమోదు కాకపోయినా. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1996లో చంద్రబాబు ప్రభుత్వం బియ్యాన్ని మూడున్నర రూపాయలు చేసింది. ఖజానాకు గండి పడిందని చెప్పిన కారణాల్లో నిషేధం కూడా ఒకటి. మరుసటి ఏడాదే నిషేధం సడలిపోయింది, బియ్యం ధర మాత్రం వెనక్కి రాలేదు. మళ్లీ రెండు రూపాయలు కావడానికి 2008 దాకా ఆగాలి.

బియ్యం దగ్గరే ఆగిపోతే అసలు కథ తప్పిపోతుంది. అన్నంలోకి ఏది?

జొన్న చేనులో కంది సాళ్లు ఉండేవి, గట్ల మీద అనుములు, బొబ్బర్లు ఉండేవి. పుంటికూర పెంటమీద కూడా మొలిచేది. ఇంతకంటే ముఖ్యం, కలుపు. చెంచలి, తుమ్మి, గునుగు, పాయిలి: వ్యవసాయ శాస్త్రం దృష్టిలో ఇవన్నీ కలుపు మొక్కలే. కలుపుకు పోయిన ఆడమనిషి పొద్దుగూకి ఒడినిండా కూర తెచ్చేది. అది కూలిలో భాగంగా ఎవరూ లెక్కగట్టలేదు, దానికి ధరా లేదు. పత్తి వచ్చి, ఆ వెనక కలుపు మందు వచ్చి, రెండింటినీ ఒకేసారి తీసుకుపోయింది. కలుపు తీసే పనిదినాలు పోయాయి, ఆ కలుపులోంచి వచ్చే కూరా పోయింది. రాబడి తగ్గిన రోజునే టమాటా కొనాల్సి వచ్చింది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఈ మొక్కల్ని పేరుపేరునా చెప్పి, ఇవి కలుపు కాదు తిండి అని నిలబడ్డారు. పడావు భూములు సాగులోకి తెచ్చి, జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి, ఊళ్లోని పేదలకు తక్కువ ధరకు తామే పంచారు. రేషన్ దుకాణానికి ప్రత్యామ్నాయం ఆడవాళ్ల చేతిలో ఎలా ఉంటుందో చూపించిన ప్రయోగం అది. మా వైపు అటువంటిది ఎందుకు నిలబడలేదంటే, నాకు తోచిన జవాబు వలసే. ఏడాదిలో సగం ఊళ్లో లేనివాళ్లు సంఘమెట్లా కడతారు?

నూనె సంగతి ఇంకా విచిత్రం. వనపర్తి, నాగర్‌కర్నూలు, గద్వాల అంటే తెలంగాణలో వేరుశనగకు పేరున్న నేల. పల్లీలు వలిచేది, ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ చేతులే సాయంత్రం పామాయిలు ప్యాకెట్టు కత్తిరిస్తాయి. 1994లో పామోలిన్ దిగుమతులకు తలుపులు తెరుచుకున్నాక గానుగ నూనె పండగ వస్తువైంది. పర్యవసానం 2022లో బాగా తెలిసొచ్చింది. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రాక దెబ్బతింది, ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిలు ఎగుమతులు ఆపింది. మూడు వారాల చిల్లర నిలిచిన ఆ నిషేధానికి పాన్‌గల్ సంతలో ఆడవాళ్లు వేపుళ్లు మానేశారు, తాలింపును చెంచాతో కొలుచుకున్నారు. పల్లికాయ పండిన ఊళ్లో నూనె ధర జకార్తాలో తేలడమంటే ఇదీ.

2013 ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో 'అమ్మహస్తం' వచ్చింది: 185 రూపాయలకు కందిపప్పు, పామాయిలు, గోధుమలు, గోధుమపిండి, చక్కెర, ఉప్పు, కారం, చింతపండు, పసుపు. పేరు చూడండి. ఇచ్చేది సర్కారు, చెయ్యి మాత్రం అమ్మది. చాలీచాలని సంచిని నెలాఖరు దాకా లాగే చెయ్యి కూడా ఆమెదేనని మాత్రం ఆ సంచి మీద రాయలేదు. పథకం కొద్దికాలానికే ఆగిపోయింది. 2015లో కందిపప్పు కిలో రెండు వందలకు చేరినప్పుడు ఆ సంచి లేదు. పప్పు పలచబడి చారైంది. ఆ చారులో తేలిన నాలుగు బద్దలు ఎవరి కంచంలో పడతాయో మనందరికీ తెలుసు. మగవాళ్లకు, తర్వాత పిల్లలకు, చివర గిన్నె అడుగు.

జాతీయ నమూనా సర్వేలు గ్రామీణ కుటుంబం ఖర్చులో తిండి వాటా 1999-2000లో 59 శాతం, 2022-23లో 46 శాతం అంటాయి. మంచిదే. కానీ ఆ లెక్కలో 'కుటుంబం' ఒకటే నోరున్న జీవి. గిన్నె అడుగు ఎవరిదో ఆ అంకె చెప్పదు. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ రెండు సర్వేలనూ పక్కపక్కన పెట్టి చదవాలన్నది నా ప్రతిపాదన. కారప్పొడి ప్యాకెట్టు బదులు మిరపకాయలు కొని ఎండబెట్టి గిర్నికి మోసుకుపోతే కొంత మిగులుతుంది. సంత ముగిసే వేళకు పోయి, వాడిన వంకాయలు కుప్పగా బేరమాడితే ఇంకొంత మిగులుతుంది. ఉద్దెర అడగడానికి దుకాణం దగ్గర నలుగురూ పోయేదాకా నిలబడితే పరువు మిగులుతుంది. పొదుపు అని మనం మెచ్చుకునేదంతా ధరలోని తేడాను ఆమె నిమిషాల్లో చెల్లించడమే. దుకాణం ఖాతా పుస్తకంలో ఇంటి పెద్దగా మగవాడి పేరే ఉంటుంది. ఆ ఖాతా ముందు నిలబడి మాటపడేది మాత్రం ఆమె.

2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో ఇంటి పెద్దగా పద్దెనిమిదేళ్లు నిండిన పెద్ద ఆడమనిషినే రాయాలంది. కాగితం మీద అది మన విజయమే. తెలంగాణలో 2015 జనవరి నుంచి మనిషికి ఆరు కిలోల లెక్కన బియ్యం వచ్చింది, 2025 ఉగాదికి సన్నబియ్యం వచ్చింది. ఈ పదేళ్లలో, 2021లో కొన్ని తప్ప, కొత్త కార్డులు దాదాపు రాలేదు. పెళ్లయి వెళ్లిన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులోంచి కొట్టేసేవాళ్లు, అత్తింటి కార్డులో ఎక్కేది కాదు. ఆమెకు పుట్టిన పిల్లలదీ అదే సంగతి. అత్త పేరు ఇంటి పెద్దగా ఉన్న కార్డు మీద తెచ్చిన బియ్యంలో కోడలి వాటా లేదు కాబట్టి ఆ ఆరు కిలోలు దుకాణంలో కొన్నారు, కొన్నప్పుడల్లా ఆ మాట ఆమె చెవిన పడింది. కొత్త కార్డులు 2025లో పంచడం మొదలుపెట్టారు. పాన్‌గల్ మండలంలో నేను కలిసిన ఒక కోడలు తన పేరు కార్డులో ఎక్కిన రోజు ఇంట్లో అందరికంటే ముందు తాను కూర్చుని తిన్నానని చెప్పింది. అత్త ఏమన్నదని అడిగాను. "ఏమంటది, వడ్డించింది" అంది.