పై అంతస్తుకు ప్లాను – గడువు కథ

మన సంఘ సభ్యులలో సొంత ఇల్లు ఉన్నవారు పై అంతస్తు సంగతి తలపెట్టేది చాలావరకు రిటైరైన తరువాతనే. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము చేతికి వచ్చేది అప్పుడే. కోడళ్లు, మనవలు వచ్చి ఉన్న గదులు చాలకపోయేదీ అప్పుడే. సరిగ్గా ఆ సమయంలో మునిసిపల్ ఆఫీసులో ప్లాను నెలల తరబడి ఆగిపోతే పడే యాతన అనుభవించినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ ఆలస్యం ఈనాటిది కాదనీ, చట్టం రాసినవారు దీనిని వందేళ్ల క్రిందటే ఊహించి విరుగుడు కూడా పెట్టారనీ మాత్రం మనలో చాలామందికి తెలియదు. మునిసిపల్ సర్వీసులో 33 సంవత్సరాలు పనిచేసి, అందులో తొమ్మిదేళ్లు టౌన్ ప్లానింగు సెక్షనులో గుమాస్తాగా ఈ ఫైళ్లే నడిపినవాణ్ణి కనుక, నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కోస్తాలో గుంటూరు, మచిలీపట్నం, నెల్లూరు మునిసిపాలిటీలు 1866 నాటివి. కాని ఇల్లు కట్టే మనిషికి, ఆఫీసుకు మధ్య తగవు తీర్చే పద్ధతిని వివరంగా చెప్పినది 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం. అందులోని ఏర్పాటు ఇది. దరఖాస్తు అందిన తరువాత నిర్ణీత గడువులోగా అధికారి అనుమతి ఇవ్వాలి, లేదా కారణం చూపి నిరాకరించాలి. రెండూ చేయకపోతే అర్జీదారు కౌన్సిలుకు లిఖితపూర్వకంగా విన్నవించుకోవచ్చు. కౌన్సిలు ఒక నెలలోపు ఏ సంగతీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్లే భావించి పని మొదలుపెట్టవచ్చు. అయితే కట్టడం మాత్రం నిబంధనలకు లోబడే ఉండాలి. మౌనం అర్ధాంగీకారం అని మనం వాడుకలో అనే మాటను ఇక్కడ చట్టం పూర్తి అంగీకారంగానే తీసుకున్నదన్నమాట. 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చినప్పుడు కూడా ఈ ఏర్పాటు కొనసాగింది. హైదరాబాదు కార్పొరేషనుకు వర్తించిన 1955 నాటి చట్టం బొంబాయి ఒరవడిలో తయారైనది. అందులోనూ గడువు దాటితే పని సాగించుకోవచ్చుననే నిబంధన ఉంది.

మరి ఇంత మంచి హక్కు ఉండగా దానిని వాడుకున్నవారు ఎందుకు కనిపించరు? నా తొమ్మిదేళ్ల గుమాస్తాగిరీలో కౌన్సిలుకు ఆ రెండో అర్జీ పెట్టినవారు ముగ్గురంటే ముగ్గురు. మొదటి కారణం కొర్రీ. అదనపు సమాచారమో, సవరించిన ప్లానో అడిగితే అది అందిన రోజునుంచి గడువు మళ్లీ మొదలౌతుంది. లింకు డాక్యుమెంటు లేదని ఒకసారి, సైటు కొలతలు సరిపోలేదని ఒకసారి, పన్ను రసీదు కావాలని మరొకసారి అడుగుతారు. అన్నీ ఒకే ఉత్తరంలో అడగవచ్చు కదా అని మీరంటారు. అడగవచ్చు. అలా అడిగే ఆఫీసర్లనూ చూశాను, వారి వద్ద ఫైలు పదిహేను రోజుల్లో తేలిపోయేది. చైన్‌మన్ సెలవులోనో, ఇన్‌స్పెక్టరు ఎన్నికల డ్యూటీలోనో ఉండి ఆగిన ఫైళ్లూ తక్కువేమీ కాదు. తప్పంతా దురుద్దేశానిదేనంటే నేను ఒప్పుకోను.

రెండో కారణం నాకు స్వయంగా ఎదురైంది. 2000లో రిటైరై మా ఊరు చేరాను. మాది 180 గజాల స్థలంలో రెండు గదుల డాబా. పెద్దవాడికి ఆ ఊరికే బదిలీ కావటంతో పైన రెండు గదులు, వంటిల్లు వేద్దామని 2001 మార్చిలో సర్వేయరు చేత ప్లాను గీయించి దాఖలు చేశాను. మేలో ఒక కొర్రీ, జులైలో ఇంకొకటి వచ్చాయి. రెండింటికీ వారంలోపు జవాబిచ్చాను. ఆపైన ఉత్తరం లేదు, ప్రత్యుత్తరం లేదు. నిబంధన తెలిసినవాణ్ణి కనుక సెప్టెంబరులో కౌన్సిలుకు అర్జీ పెట్టి, టపా గుమాస్తా చేత ముద్ర వేయించుకున్నాను. నెల గడిచింది. చట్టం ప్రకారం నాకు అనుమతి వచ్చినట్లే.

స్లాబు వరకు గ్రాట్యుటీ సరిపోతుంది, మిగతాదానికి బ్యాంకు అప్పు తీసుకోవాలి. చట్టం పుస్తకం, ముద్ర ఉన్న నకలు పట్టుకుని వెళ్లాను. మేనేజరు మర్యాదస్తుడు. అంతా చదివి, "మీరు చెప్పింది నిజమేనండీ. కాని మా ఫైల్లో పెట్టటానికి ముద్ర వేసిన ప్లాను కావాలి కదండీ" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేం. ఆఫీసు మౌనంగా ఉన్నందువల్ల పుట్టిన హక్కుకు ఆఫీసు ముద్ర ఎక్కడినుంచి వస్తుంది? 1920లో ఈ నిబంధన రాసినవారు అప్పు చేసి ఇల్లు కట్టేవాణ్ణి దృష్టిలో పెట్టుకోలేదనిపిస్తుంది. స్లాబు వేసి ఆపేశాను. 2002 ఫిబ్రవరిలో ముద్ర వేసిన ప్లాను చేతికొచ్చింది. అప్పటికి మావాడు రెండు వీధుల అవతల అద్దెకు చేరి పిల్లలను బడిలో వేశాడు. పై గదులు పూర్తయినా వాళ్లు అందులో కాపురం ఉన్నది ఒక్క ఏడాదే, మళ్లీ బదిలీ అయింది.

మా వీధిలోనే అనుమతి అడగకుండా పైన కట్టుకున్నవారు ఇద్దరున్నారు. 2007 డిసెంబరులో ప్రభుత్వం అపరాధ రుసుంతో క్రమబద్ధీకరణ పథకం ప్రకటిస్తే, వారు సొమ్ము కట్టి కాగితం తెచ్చుకున్నారు. తెలంగాణలో, ఆంధ్రలో 2015లోనూ అటువంటి పథకాలు వచ్చాయి. అడిగినవాడు ఆగటం, అడగనివాడు కట్టుకోవటం పాలనకు గౌరవం తెచ్చే విషయం కాదని నా అభిప్రాయం.

కాగితం చిక్కు విడిపోయింది ఈమధ్యనే. తెలంగాణలో 2020 నవంబరులో ప్రారంభమైన టీఎస్ బీపాస్ పద్ధతిలో 75 గజాల వరకు చిన్న ఇళ్లకు అనుమతే అవసరం లేకుండా రిజిస్ట్రేషనుతో సరిపెట్టారు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి ఇచ్చారు. అంతకు పెద్దవాటికి 21 రోజుల గడువు. అది దాటితే అనుమతి వచ్చినట్లే. తేడా ఏమిటంటే ఈసారి పత్రం కంప్యూటరు నుంచే వచ్చేది. కాని తప్పుడు ధ్రువీకరణ ఇస్తే నోటీసు లేకుండానే కూల్చివేసే అధికారమూ ఆ చట్టంలో పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో స్వీయ ధ్రువీకరణ పథకం వచ్చింది.

పాత ఇంటిపైన కట్టదలచినవారికి నేటికీ మొదట కావలసినది కింది అంతస్తుకు అప్పట్లో మంజూరైన ప్లాను. అది ఇంట్లో దొరకకపోతే మంజూరు నంబరు, సంవత్సరం తెలిసినంతవరకు రాసి, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మునిసిపల్ ఆఫీసునుంచి ధ్రువీకృత నకలు అడగండి. ఆ అర్జీకి 30 రోజుల గడువు ఉంది. జవాబు రాకపోతే అప్పీలు పెట్టుకోవచ్చు. అర్జీ అందినట్లు ముద్ర, తేదీ వేయించుకోవటం మరువకండి.