మోపెడ్ బహూకరించిన దేశంలో సైకిలు మీద

చదువుకని తెలంగాణ నుంచి బెర్లిన్ వచ్చిన మాలో చాలామందిమి సాయంత్రాలు సైకిలు మీద తిండి పొట్లాలు మోస్తున్నాం. కొన్నేళ్లుగా జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే మొదటి స్థానం. "ఎమ్మెస్ చేయబోయి సైకిలు తొక్కుడేంది బిడ్డా?" అని పాలమూరులోని మా ఊరు ఆత్మకూరులో పెద్దలు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఈ దేశం చరిత్ర చెప్పాలి. వలస వచ్చిన కూలీల చెమటను పక్కనపెడితే ఈ చరిత్ర సగం కూడా మిగలదు.

మా పని చూడటానికి సులువే. ఫోన్‌లో ఆర్డర్ పడుతుంది. హోటల్ ముందు నిలబడి పొట్లం అందుకుని, వీపు మీది పెట్టెలో సర్దుకుని బయలుదేరతాం. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. సైకిలు దారి మీద మంచు గట్టిపడితే చక్రం జారుతుంది, చలికి ఫోన్ బ్యాటరీ పడిపోతుంది. పాత భవనాల్లో చాలావాటికి లిఫ్టు ఉండదు, నాలుగైదు అంతస్తులు ఎక్కాల్సిందే. ఇక్కడ వాకిలి దగ్గర ఫ్లాట్ నంబర్లు ఉండవు, బెల్లు పక్కన ఇంటిపేర్లే రాసి ఉంటాయి. ష్మిట్, యిల్మాజ్, ఎన్‌గుయెన్ ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆ పేర్లు ఒక్కచోటికి ఎలా చేరాయో తెలిస్తే ఈ దేశం సగం అర్థమైనట్టే.

నేను తరచుగా వెళ్లే కార్ల్ మార్క్స్ అలే ఒకప్పటి స్టాలిన్ అలే. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1953లో పని కొలతను కనీసం 10 శాతం పెంచింది, కూలి మాత్రం పెంచలేదు. జూన్ 16న ఈ వీధిలో భవనాలు కడుతున్న మేస్త్రీలు, కూలీలు తాపీలు కింద పెట్టి ఊరేగింపుగా కదిలారు. మర్నాటికి సమ్మె వందలాది ఊళ్లకు పాకింది. సోవియట్ ట్యాంకులు దిగి దాన్ని అణచివేశాయి, పదుల సంఖ్యలో జనం చనిపోయారు. నగరం పశ్చిమ భాగంలో బ్రాండెన్‌బర్గ్ గేటు దాకా వెళ్లే పెద్ద రోడ్డుకు ఆ జూన్ 17 తేదీనే పేరుగా పెట్టారు. భారతదేశమంతటా ప్రాజెక్టులకు మట్టి మోసిన పాలమూరు లేబర్ పిల్లలం మేము. ఆ వీధిలో వెళ్తుంటే ఆ కూలీలు నాకు పరాయివాళ్లుగా అనిపించరు.

1961 ఆగస్టు 13న తూర్పు ప్రభుత్వం నగరం మధ్య గోడ కట్టడం మొదలుపెట్టింది. తూర్పు నుంచి రోజూ పశ్చిమ బెర్లిన్‌కు పనికి వచ్చే వేలాదిమంది ఒక్కసారిగా ఆగిపోయారు. అప్పటికే 1955 నుంచి ఇటలీ కూలీలను పిలుచుకుంటున్న పశ్చిమ జర్మనీ 1961లోనే అక్టోబరు 30న టర్కీతోనూ ఒప్పందం చేసుకుంది. యిల్మాజ్‌ల కుటుంబాలు క్రాయిట్స్‌బెర్గ్, నోయ్‌కోల్న్ పేటల్లో స్థిరపడటానికి మొదలు అక్కడుంది.

1964 సెప్టెంబరు 10న పది లక్షలవ విదేశీ కార్మికుడంటూ అర్మాండో రోడ్రిగెస్ అనే పోర్చుగల్ వడ్రంగికి కొలోన్ రైల్వే స్టేషనులో స్వాగతం పలికారు. పూలగుత్తి, మోపెడ్ చేతిలో పెట్టి ఫొటోలు తీశారు. ఆ మోపెడ్ ఇప్పుడు బాన్ నగరంలోని చరిత్ర మ్యూజియంలో ఉంది. ఆ మనిషి మాత్రం జబ్బుపడి స్వదేశం వెళ్లి, దాచుకున్న సొమ్మంతా వైద్యానికి పోసి 1979లో కన్నుమూశాడు. జర్మనీలో తనకు హక్కుగా రావలసిన అనారోగ్య భృతి సంగతి ఆయనకు తెలియనే తెలియదు. ఎన్నిసార్లు తలచుకున్నా నా మనసు కలుక్కుమంటుంది.

గోడకు అవతల తూర్పు జర్మనీ 1980 ఒప్పందంతో వియత్నాం నుంచి ఎన్‌గుయెన్ వంటి పేర్లున్న కార్మికులను రప్పించింది. వాళ్లను హాస్టళ్లలో విడిగా ఉంచింది. గర్భవతులైన స్త్రీలు గర్భస్రావమో, తిరుగు ప్రయాణమో తేల్చుకోవాల్సి వచ్చేది. 1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాక ఫ్యాక్టరీలు మూతపడి వాళ్ల ఉద్యోగాలు పోయాయి. అయినా ఉండిపోయినవాళ్లు పూల కొట్లు, కూరగాయల కొట్లు, హోటళ్లు పెట్టుకుని నిలబడ్డారు.

ఈ దేశం ఇచ్చిన హక్కులను కూడా అంతే నిజాయితీగా చెప్పాలి. 1884లోనే ప్రమాద బీమా చట్టం వచ్చింది, దాని ప్రీమియం మొత్తం యజమానే కట్టాలి. కనీసం అయిదుగురు ఉద్యోగులున్న చోట కార్మికులు తమ కౌన్సిల్‌ను ఎన్నుకోవచ్చు. 1972 సవరణతో టర్కీవాళ్ల వంటి విదేశీయులకూ అందులో పోటీ చేసే హక్కు వచ్చింది. 2015 నుంచి దేశమంతటా కనీస వేతనం అమల్లో ఉంది, 2025లో అది గంటకు 12.82 యూరోలు. ఒక సైకిల్ రైడర్ వేసిన కేసులో 2021 నవంబరు 10న ఫెడరల్ లేబర్ కోర్టు తీర్పు చెప్పింది: పనికి కావలసిన సైకిలు, స్మార్ట్‌ఫోను యజమానే సమకూర్చాలి. ఇవేవీ దయాదాక్షిణ్యాలు కావు. పని ఆపి, కోర్టుకెక్కి, ఓట్లేసి మనుషులు సాధించుకున్నవి ఎక్కువ.

అయితే ఈ రక్షణ ఉద్యోగిగా ఒప్పందం ఉన్నవాడికే సులువుగా అందుతుంది. మధ్యలో చిన్న కాంట్రాక్టరును పెట్టుకుని, నగదు చేతిలో పెట్టి, కాగితం ఇవ్వకుండా పని చేయించుకునేవాళ్లు ఇక్కడా ఉన్నారు. అడ్వాన్సు చేతిలో పెట్టి ఏడాది పొడవునా పని పిండుకునే గుంపు మేస్త్రీని పాలమూరులో చూసినవాళ్లకు ఆ పద్ధతి కొత్త కాదు. జూరాల ప్రాజెక్టు పక్కనే పుట్టి, పని కోసం బొంబాయి బస్సెక్కిన మన పెద్దల చేతిలో ఏ కాగితమూ లేదు. మన చేతిలో ఉండే వీలుంది.

అందుకే బెర్లిన్ రాబోతున్న ఆత్మకూరు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట ఇది. సైకిలు తొక్కడం చిన్నతనం కాదు, కాగితం లేకుండా తొక్కడమే ప్రమాదం. రాతపూర్వక ఒప్పందం లేని పనిలో చేరకండి. డెలివరీ యాప్‌లో ఇంకొకరి అకౌంట్ అద్దెకు తీసుకోకండి. విద్యార్థి వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు మాత్రమే పని చేయొచ్చన్న హద్దు దాటకండి. ఆరోగ్య బీమా కార్డు, జీతం చీటీలు భద్రంగా దాచుకోండి. కౌన్సిల్ ఎన్నికలు జరిగితే తప్పకుండా ఓటేయండి. రోడ్రిగెస్‌కు చెప్పేవాళ్లు లేకపోయారు, మీకు మేమున్నాం. సిగ్గుపడకుండా అడగండి.