కుట్టు నిలిచింది, కిడ్నీలు అలిసిపోయాయి

బృహద్ధమని చీలితే ఇక ఆశ వదులుకోవడమే అనుకునే రోజుల్లో ఆ రాతను తిరగరాసిన చేతులు మైకేల్ డెబేకీవి. లెబనాన్ నుంచి అమెరికాకు వలస వచ్చిన దంపతుల బిడ్డ ఆయన. 1908లో లూసియానా రాష్ట్రం లేక్ చార్లెస్‌లో పుట్టారు. చిన్నప్పుడే అమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకున్నారు. 1950లలో హ్యూస్టన్‌లో దుకాణానికెళ్లి డేక్రాన్ గుడ్డ కొని తెచ్చి, భార్య కుట్టుమిషన్ మీద గొట్టంలా కుట్టారు. పాడైన ధమని తీసేసి ఆ గొట్టాన్ని అమర్చే విద్య అలా మొదలైంది. ధమని గోడ చీలికల్లో రకాలను వైద్యులు ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు.

అంతటివారిని చివరికి ఆ జబ్బే వెతుక్కుంటూ వచ్చింది. 2005 డిసెంబరు 31న, తొంభై ఏడేళ్ల వయసులో, ఇంట్లో ఒంటరిగా ఉపన్యాసం సిద్ధం చేసుకుంటున్నారు. ఛాతీలో లేచిన నొప్పి భుజాల మధ్యకు, మెడలోకి పాకింది. అదేమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా ఆపరేషన్ వద్దన్నారు. చావుకన్నా, ఆ తర్వాత అవిటిగా మిగిలిపోతానేమోనన్న భయమే ఆయనకు ఎక్కువైంది.

జనవరి మొదట్లో ధమని ఉబ్బు 5.2 సెంటీమీటర్లు. ఫిబ్రవరి 9 నాటికి 7.5. అప్పటికే ఆయనకు స్పృహ తప్పింది. మత్తు ఇవ్వడానికి వైద్యులు వెనకాడారు. ఆసుపత్రి నైతిక సంఘం రాత్రివేళ కూర్చుని తర్జనభర్జన పడింది. భార్య కాట్రిన్ ఇక ఆగలేమని పట్టుబట్టారు. దశాబ్దాలుగా ఆయనతో కలిసి పనిచేసిన జార్జ్ నూన్ కత్తి పట్టారు. ఏడు గంటల తర్వాత గురువుగారి ఒంట్లో డేక్రాన్ గొట్టం కుదురుకుంది.

కుట్టు ఎక్కడా కారలేదు. గుండె కొట్టుకుంది. అసలు కష్టం అప్పుడే మొదలైంది. ఆరు వారాలు వెంటిలేటర్. గొంతుకు రంధ్రం, పొట్టలోకి ఆహార గొట్టం. కిడ్నీలు చేతులెత్తేశాయి. డయాలసిస్ పెట్టక తప్పలేదు.

గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే పోతుంది. ధమనికి క్లాంపు బిగించినా, గుండె పని యంత్రానికి అప్పగించినా, బీపీ పడిపోయినా ఆ ప్రవాహం దెబ్బతింటుంది. స్కానింగ్‌కు ఎక్కించే రంగుమందు మరో భారం. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ చాలాసార్లు ఈ దెబ్బను ఓర్చుకుని తేరుకుంటుంది. బీపీ, షుగరు, వయసు ముందే తినేసిన కిడ్నీకి ఆ ఓపిక తక్కువ. బయటికి పోవాల్సిన నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, వెంటిలేటర్ తీయడం కుదరదు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. మందులు ఒంట్లోనే పేరుకుపోతాయి. ఆపరేషన్‌కు ముందే రక్తంలో క్రియాటినిన్ (కండల నుంచి పుట్టి, కిడ్నీలు వడపోసే వ్యర్థం) పెరిగి ఉన్నవాళ్లలో డయాలసిస్ అవసరమూ మరణాలూ ఎక్కువ కావడానికి కారణం ఇదే. కండ కరిగిపోయిన వృద్ధుల్లో ఆ అంకె కూడా మోసం చేస్తుంది. రిపోర్టులో అంతా మామూలే అని ఉంటుంది, లోపల వడపోత బాగా పడిపోయి ఉంటుంది.

డెబేకీ సెప్టెంబరులో ఇంటికి చేరారు. మళ్లీ పనిలో పడ్డారు. 2008 జులై 11న, నూరేళ్లు నిండడానికి రెండు నెలల ముందు కన్నుమూశారు. ఆ విద్యకు ఆద్యుడాయన. చుట్టూ ఉన్నవారు అందులో ఆరితేరిన సహచరులు. అయినా ఆ ఎనిమిది నెలల యాతన తప్పలేదు. మరి మామూలు మనిషి సంగతేమిటి?

ధమని చీలి వచ్చినవారికి సాధారణంగా ఆలోచించే వ్యవధి ఉండదు. ఉబ్బు ముందే బయటపడి, తేదీ ఖాయం చేసుకుని ఆపరేషన్‌కు వెళ్లేవారికి ఉంటుంది. కిడ్నీల వడపోత ఎంత ఉందో వారు అడగాలి. రంగుమందు ఎక్కించాక కిడ్నీలు తేరుకునేదాకా ఆగవచ్చా అని అడగాలి. ఏళ్ల తరబడి మింగుతున్న నొప్పి మాత్రల సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. గొట్టం అమర్చడం సర్జన్ చేతిలో పని. రోగి ఇల్లు చేరాలంటే కిడ్నీలూ సహకరించాలి. వాటి గోడు ముందే వినకపోవడమే ఎన్నో ఇళ్లలో తీరని శోకానికి కారణం.