కాదిస్‌కి ఒక రోజు కేటాయించండి

మన ఊళ్ల నుంచి స్పెయిన్ చూడటానికి వచ్చేవాళ్లు బార్సిలోనా, మాడ్రిడ్ ముందే రాసుకొస్తారు. కొంచెం చదువుకుని బయల్దేరినవాళ్లయితే గ్రనాడాలోని అల్హంబ్రా కోట కూడా కలుపుకుంటారు. నేనుండే సెవియ్యా దాకా వచ్చినవాళ్లు ఇక్కడి పెద్ద చర్చి చూసి, కొలంబస్ సమాధి దగ్గర ఫొటో దిగి, మర్నాటికి దగ్గర్లో ఏదైనా బీచ్ చెప్పమంటారు. నేను కాదిస్ వెళ్లమంటాను. అక్కడ బీచ్ ఉంది, ఊరి నడిబొడ్డునే ఉంది. కానీ నేను పంపేది దానికోసం కాదు. యూరప్ అంటే ఎప్పటి నుంచో ప్రజాస్వామ్యమే అని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. మన దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951–52లో జరిగాయి. అప్పటికి ఇక్కడ ఫ్రాంకో నియంతృత్వం నడుస్తోంది. ఇక్కడివాళ్లు మళ్లీ స్వేచ్ఛగా ఓటేయడానికి 1977 దాకా ఆగాల్సి వచ్చింది. అయితే ఆ కోరిక మాత్రం వీళ్లకి మనకన్నా చాలా ముందే పుట్టింది. పుట్టిన చోటు కాదిస్.

ముందు ప్రయాణం సంగతి. సోమవారం పెట్టుకోకండి, చూడాల్సినవి చాలావరకు ఆ రోజు మూసి ఉంటాయి. జులై, ఆగస్టు కూడా వద్దనే చెప్తాను. ఎండ ఒక్కటే అయితే మనకి లెక్క కాదు. లెవాంతె అని ఒక తూర్పు గాలి ఉంది. అది మొదలైతే రోజుల తరబడి వదలదు, ఇసుక కళ్లలో కొడుతుంది, మనిషి నిలబడి ఒక గోడ మీద రాసింది చదవలేడు. ఏప్రిల్, మే, అక్టోబర్ నెలలు బాగుంటాయి. సెవియ్యాలో సాంతా హుస్తా స్టేషన్ నుంచి రైలుంది, గంటా నలభై నిమిషాల ప్రయాణం. కారు వేసుకుని వెళ్తే ఆ సన్నటి వీధుల్లో పెట్టుకోవడానికి చోటు వెతకడంతోనే పొద్దు గడిచిపోతుంది. హెరెస్ దాటాక ద్రాక్షతోటలు అయిపోయి ఉప్పు మడులు మొదలవుతాయి. అక్కడి నుంచి పుస్తకం మూసి కిటికీలోంచి చూడండి. ఈ ఊరి కథలో సగం అక్కడే అర్థమవుతుంది. కాదిస్ సముద్రంలోకి పొడుచుకెళ్లిన సన్నటి ఇసుక దారి కొసన ఉంది. ఆ దారికి ఒక పక్క మహాసముద్రం, ఇంకో పక్క ఖాతం. భూమి మీంచి దండెత్తి వచ్చే సైన్యానికి ఆ ఒక్క దారే గతి. తర్వాత జరిగిందంతా దీనివల్లే జరిగింది.

స్టేషన్ నుంచి పాత ఊళ్లోకి నడిచే వెళ్లొచ్చు, ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి అరగంట నడక. పొద్దున్నే గాదిర్ తవ్వకాల దగ్గరికి వెళ్లండి. క్రీస్తుకు పూర్వం 1104లో ఫినీషియన్లు ఈ ఊరు కట్టారని పాత రోమన్ రచయితల లెక్క. తవ్వకాల్లో దొరికినవి మాత్రం తొమ్మిదో శతాబ్దం దాకానే తీసుకెళ్తాయి. అదీ తక్కువేమీ కాదు. లెబనాన్ తీరం నుంచి వెండి కోసం, టిన్ను కోసం మధ్యధరా సముద్రం మొత్తం దాటి వచ్చినవాళ్లు వేసుకున్న వీధులు, ఇళ్లు, రొట్టెల పొయ్యిలు ఇప్పుడొక తోలుబొమ్మల నాటకశాల కింద, దాదాపు తొమ్మిది మీటర్ల లోతున కనిపిస్తాయి. మినా చౌకులోని మ్యూజియంలో ఆ ఫినీషియన్ల పాలరాతి శవపేటికలు రెండున్నాయి. మూతల మీద పడుకున్న మనుషుల రూపాలు చెక్కి ఉంటాయి. గడ్డం ఉంగరాలు తిరిగిన పురుషుడి పేటిక 1887లో బయటపడింది. దానికి జోడీగా స్త్రీ పేటిక ఎక్కడో ఉండే ఉంటుందని పెలాయో కింతెరో అనే పురావస్తు శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఊరంతా తవ్వించాడు. దొరకకుండానే 1946లో మొరాకోలో కన్నుమూశాడు. 1980లో ఒక భవనం పునాదులకి తవ్వుతుంటే ఆమె బయటపడింది. ఒకప్పుడు కింతెరో కాపురమున్న ఇంటి స్థలం అదేనని ఊళ్లో అందరూ చెప్తారు. ఇద్దరినీ ఇప్పుడు పక్కపక్కన ఉంచారు. ఆమె జుట్టు వరసలు వరసలుగా, ఒక్కో ముడీ విడివిడిగా చెక్కి ఉంది. ఆ ఒక్క గదిలో కాస్త ఎక్కువసేపే నిలబడండి.

రోమన్ రంగస్థలం, పెద్ద చర్చి దారిలోనే వస్తాయి. చర్చిని 1722లో మొదలుపెట్టి 1838లో ముగించారు. మధ్యలో డబ్బు చాలక రాయి మార్చారు, కింద ఒక రంగు, పైన ఇంకో రంగు బయటి నుంచే తెలుస్తుంది. నాకైతే ఆ చర్చి కంటే చుట్టూ ఉన్న మామూలు ఇళ్ల గోడలు ఎక్కువ చెప్తాయి. ఎక్కడైనా సున్నం రాలిన చోట ఆగి చెయ్యేసి చూడండి. పల్లీ చిక్కీలో పల్లీల్లాగా రాతి నిండా ఆల్చిప్పలు గుచ్చుకుని ఉంటాయి. సముద్రం అడుగున గట్టిపడిన ఆ రాయినే కోసి ఊరంతా కట్టుకున్నారు. వీధి మలుపుల్లో పాత ఫిరంగులు నిలువుగా పాతి ఉంటాయి. బళ్ల చక్రాలు ఒరుసుకుని ఇంటి మూలలు పాడవకుండా పెట్టినవి.

ఈ ఇళ్లకి డబ్బు అమెరికా నుంచి వచ్చింది. స్పెయిన్ తన వలసలతో చేసే వ్యాపారమంతా ఒకే రేవు గుండా జరగాలని రాజు నియమం. రెండు శతాబ్దాల పాటు ఆ పెత్తనం సెవియ్యాది. నది పూడిపోతూ పెద్ద ఓడలు రాలేకపోయేసరికి 1717లో వ్యాపార కార్యాలయాన్ని కాదిస్‌కి మార్చారు. మెక్సికో వెండి, కోకో, ఎర్రరంగు తీసే పురుగులు, చక్కెర ఇక్కడ దిగాయి. వర్తకులు ఇళ్లు ఒకే తీరున కట్టుకున్నారు: కింద గోదాము, దాని మీద లెక్కల గది, ఆ పైన కుటుంబం, అన్నిటికన్నా పైన నౌకర్లు. మిద్దె మీద ఒక బురుజు లేపి, తమ ఓడ వస్తోందా అని అక్కడి నుంచి చూసుకునేవాళ్లు. అలాంటి బురుజులు వందకు పైగా ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. తవీరా బురుజు ఎక్కితే అవన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. ఈ సంపద గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకెళ్లడం తప్పు. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషుల్ని అమ్మడంలోనూ ఈ రేవుకి వాటా ఉంది. ఈ వీధుల్లోనే వాళ్లు బానిసలుగా బతికారు.

ఇప్పుడు అసలు సంగతి. 1808లో నెపోలియన్ స్పెయిన్ రాజుని ఫ్రాన్సులో బంధించి తన అన్న జోసెఫ్‌ని సింహాసనం మీద కూర్చోబెట్టాడు. ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి. సెవియ్యా పడిపోయింది. 1810 ఫిబ్రవరిలో ఫ్రెంచి సైన్యం కాదిస్ ఎదురుగా వచ్చి ఆగింది. ముందున్నది ఆ ఒక్క ఇసుక దారి, సముద్రం మీదేమో బ్రిటిష్ నౌకలు. ముట్టడి రెండున్నరేళ్లు సాగింది, ఊరు లొంగలేదు. ఫ్రెంచివాళ్ల గుండ్లు అంత దూరం వచ్చేసరికి సగం పేలేవి కావు. వాటి సీసంతో కాదిస్ ఆడవాళ్లు జుట్టుకి ఉంగరాలు చుట్టుకుంటున్నారని ఊళ్లో పాట కూడా కట్టారు. అదే సమయంలో పచ్చజ్వరం జనాన్ని పిట్టల్లా రాల్చింది.

రాజు లేడు, ఫ్రెంచివాళ్ల చేతికి చిక్కకుండా మిగిలిన కొద్ది చోట్లలో ఈ కొస ఒకటి. అలాంటప్పుడు ఆ ఊరికి చేరిన ప్రతినిధులు కూర్చుని రాజ్యాంగం రాశారు. దేశంలోని జిల్లాల నుంచే కాదు, మెక్సికో, పెరూ, క్యూబా, ఫిలిప్పీన్స్ తరఫున కూడా మనుషులున్నారు. అంత దూరం నుంచి రాలేని చోట్లకి కాదిస్‌లో ఉంటున్న ఆ ప్రాంతపు వాళ్లనే ఎన్నుకున్నారు. వాళ్లు సమావేశమైన సాన్ ఫెలిపె నేరి చర్చికి మధ్యాహ్నంలోపు వెళ్లండి. లోపల హాలు కోడిగుడ్డు ఆకారంలో, స్తంభాలేవీ అడ్డం లేకుండా ఉంటుంది. ఎక్కడ కూర్చున్నా మాట్లాడేవాడు కనపడతాడు, వినపడతాడు. 1812 మార్చి 19న సెయింట్ జోసెఫ్ పండుగనాడు ఆ రాజ్యాంగాన్ని ప్రకటించారు. స్పెయిన్‌లో జోసెఫ్ పేరున్నవాళ్లని పెపె అని ముద్దుగా పిలుస్తారు కాబట్టి జనం దానికి పెపా అని పేరు పెట్టుకున్నారు.

దాన్లో 384 అధికరణాలున్నాయి. సార్వభౌమాధికారం జాతిది, రాజుది కాదు అని మూడో అధికరణంలోనే రాశారు. అచ్చులో రాజకీయాలు రాసుకునే స్వేచ్ఛ ఇచ్చారు. ప్రతి ఊళ్లో బడి పెట్టాలన్నారు. మరుసటి ఏడే మతవిచారణ న్యాయస్థానాన్ని రద్దు చేశారు. మరో పక్కన, కాథలిక్ మతం తప్ప ఇంకో మతం చెల్లదని కూడా అదే రాజ్యాంగం చెప్పింది. ఆడవాళ్లకి ఓటు లేదు, ఇంటి నౌకర్లకి లేదు. 1830 నుంచి చదవడం రానివాళ్లకి ఉండకూడదని కూడా రాసిపెట్టారు. ఆఫ్రికా మూలాలున్నవాళ్లని స్పానియార్డులుగా ఒప్పుకున్నారు గానీ పౌరులుగా ఒప్పుకోలేదు. వాళ్లని లెక్కలోకి తీసుకుంటే అమెరికా ప్రతినిధుల సంఖ్య స్పెయిన్ వాళ్లకంటే పెరిగిపోతుందన్నదే అసలు భయం. అక్షరం రానివాడికీ ఆడమనిషికీ మొదటిరోజు నుంచే ఓటిచ్చిన రాజ్యాంగం కింద పెరిగినవాళ్లం మనం. ఈ గీతలు మనకి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, కనిపించాలి కూడా. అయినా గుండ్ల కింద కూర్చుని రాజు కన్నా జాతి పెద్దదని రాసిన ఆ మనుషుల మీద నాకున్న గౌరవం దీనివల్ల తగ్గలేదు.

ఆ కాగితం ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1820ల్లో అచ్చయిన ఒక ప్రతిని స్పెయిన్ ఉదారవాదులు కలకత్తాలో ఉన్న రామ్మోహన్ రాయ్‌కి అంకితమిచ్చారు. సతీసహగమనం మీద పోరాడిన మనిషిగానే మనం ఆయన్ని చదువుకున్నాం. నేపుల్స్‌లో, స్పెయిన్‌లో, దక్షిణ అమెరికాలో ఏం జరుగుతోందో కలకత్తా నుంచి రోజూ కనిపెట్టి చూసిన మనిషి కూడా ఆయనే.

స్పెయిన్‌లో మాత్రం అది నిలవలేదు. విడుదలై వచ్చిన ఫెర్నాందో రాజు 1814లో ఆ రాజ్యాంగాన్ని రద్దు చేసి, రాసినవాళ్లని జైళ్లలో పెట్టాడు. 1820 జనవరి ఒకటిన అమెరికాకి పంపడానికి ఇక్కడికి దగ్గర్లో సిద్ధంగా ఉంచిన సైన్యం రియేగో అనే అధికారి నాయకత్వంలో తిరగబడి పెపాని మళ్లీ తెచ్చింది. మూడేళ్లకి ఫ్రాన్సు సైన్యం వచ్చి రాజుకి పాత అధికారం కట్టబెట్టింది. రియేగోని మాడ్రిడ్‌లో ఉరితీశారు. 1868లో రాణిని దించిన విప్లవం కూడా కాదిస్ ఖాతంలోని నౌకాదళంతోనే మొదలైంది. 1931 గణతంత్రం ఆడవాళ్లకి ఓటిచ్చింది. 1936లో సైనిక తిరుగుబాటు మొదలైన రోజుల్లోనే కాదిస్ ఆ సైన్యం చేతికి చిక్కింది, ఊళ్లో చాలామందిని కాల్చి చంపారు. పాలకుల్ని పాటలతో దెప్పిపొడిచే ఇక్కడి కార్నివాల్‌ని ఫ్రాంకో ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు అమల్లో ఉన్న రాజ్యాంగం 1978 డిసెంబర్‌లో ప్రజలు ఓటేసి ఒప్పుకున్నది. మన రాజ్యాంగం కన్నా ఇరవై ఎనిమిదేళ్లు చిన్నది.

మధ్యాహ్నం రెండు దాటాక భోజనం. సంత దగ్గర ఎక్కడైనా తోర్తియిత అడగండి, గోధుమపిండీ శనగపిండీ కలిపి, సన్న రొయ్యలు, ఉల్లి వేసి నూనెలో పల్చగా వేయిస్తారు. చేపలు తిననివాళ్లకి పాలకూర, శనగల కూర దొరుకుతుంది. నాలుగు దాటితే వంటిళ్లు మూసేస్తారు, మళ్లీ రాత్రికే. భోజనం కాగానే స్పెయిన్ చౌకులోని స్మారకం చూడండి. 1912లో మొదలుపెట్టి 1929లో ముగించిన పెద్ద రాతి కట్టడం అది. దాని మధ్యలో ఒక ఖాళీ కుర్చీ ఉంది, రాజు లేని సభకి గుర్తుగా చెక్కింది. తర్వాత లా కలేతా తీరానికి వెళ్లి కాళ్లు తడుపుకోండి. అక్కడ చుట్టుపక్కల ఇళ్లు చాలావరకు ఇప్పుడు యాత్రికులకి రోజుల లెక్కన అద్దెకిచ్చేవి. ఓడల కర్మాగారాల్లో పని తగ్గిపోయింది, ఊరి పిల్లలు అద్దెలు కట్టలేక బయటికి వెళ్లిపోతున్నారు. రాత్రికి గది తీసుకునే ఆలోచన ఉంటే మామూలు హోటల్‌లోనే తీసుకోండి.

నా సలహా మాత్రం సాయంత్రం నాలుగున్నర, ఐదుకల్లా కాదిస్ నుంచి లోకల్ రైలెక్కమని. కాసేపట్లో సాన్ ఫెర్నాందో వస్తుంది, దిగండి. ఇది చాలామంది చేయరు. ప్రతినిధులు మొదట సమావేశమైంది కాదిస్‌లో కాదు, ఇక్కడ, 1810 సెప్టెంబర్ 24న, ఒక చిన్న నాటకశాలలో. 1811 ఫిబ్రవరిలోగానీ కాదిస్‌కి మారలేదు. ఆ నాటకశాల ఇంకా ఉంది. 1810 డిసెంబర్‌లో ఆ సభలో దియోనీసియో ఇంకా యుపాంకి అనే పెరూ ప్రతినిధి లేచాడు. స్పెయిన్ వాళ్లు కూల్చిన ఇంకా రాజుల వంశంవాడు. తన దేశంలో ఆదివాసుల మీద జరుగుతున్న దాని గురించి మాట్లాడుతూ, ఇంకో జాతిని అణిచే జాతి తాను స్వతంత్రంగా ఉండలేదని ఆ స్పెయిన్ ప్రతినిధుల ముఖం మీదే చెప్పాడు. ఆ తలుపు ముందు కాసేపు నిలబడి, అక్కడి నుంచే సెవియ్యా వెళ్లే రైలు అందుకోవచ్చు.